రాసిన చేతికి

టోర్స్‌హవ్న్‌లో ఈ పొద్దున గాలి ఎంతంటే
పైకప్పుల మీది గడ్డి మొత్తం
ఒకే దిక్కుకి దువ్వినట్టుంది.
కాఫీ చల్లారింది. నేనింకా
ఆ నలభై రెండు వరుసల ముందే ఉన్నాను.

వాటి పని చిన్నది.
వచ్చిన ప్రతి ప్రశ్ననీ గుమ్మంలో ఆపి అడగడం:
రాయడానికొచ్చావా, చదవడానికా?
రాయడానికైతే ఇటు, మా నేలమాళిగలో మూలానికి.
దక్షిణ దీవి వాళ్ళు చదవడానికైతే అక్కడే,
త్వోరోయ్రిలో పాత చేపల గిడ్డంగి వెనక
మేం ఉంచిన నకలుకి.
ఏదీ తేల్చలేకపోతే 'ఏమో' అనేసి
పక్క రౌటర్‌కి అప్పజెప్పడం.
మా ఓలవుర్ మీటింగుల్లో చేసేదీ అదే.

నేను తల్లి అంటాను, బిడ్డ అంటాను.
పట్టికలకి తెలిసింది గళ్ళూ వరుసలూ.
మధ్యన దుబాసీలా ఓఆర్ఎమ్ ఉంది,
నా మాటని వాటి భాషలో చెప్పి
వాటి జవాబుని నా భాషలో తెస్తుంది.
దుబాసీకి మాట తెలుసు, దారి తెలియదు.
దారి నేను రాయాలి.

మంగళవారం రాత్రి రెండింటికి ఫోన్.
దక్షిణాన్నించి బిర్నా, మంత్రసాని.
"రన్వా, ఆడపిల్ల. మూడు కిలోల నాలుగొందలు.
నమోదు చేశాను, ఆకుపచ్చ గుర్తు వచ్చింది.
పేజీ మళ్ళీ తెరిస్తే పిల్ల లేదంటోంది నీ మెషీను.
ఉంది. నా చేతుల్లో ఉంది.
వినబడుతోందా?"

వినబడింది.

"మళ్ళీ నమోదు చేశాను.
కాసేపాగి చూస్తే ఇద్దరున్నారు.
సున్నువా ఒక్కదాన్నే కన్నది, నేను సాక్షిని."

నకలు అబద్ధమాడలేదు.
ఏడు సెకన్ల కిందటి నిజం చెప్పింది.
తుఫాను రాత్రి, కేబుల్ నత్తనడక.
ఇటు మూలంలో రాసిన పిల్ల
అటు నకలుకి చేరేలోపు
ఆ ఏడు సెకన్లూ
సముద్రం అడుగున చీకట్లో
ఒంటరిగా ప్రయాణం చేస్తోంది,
కన్న ఊరికే.

రెండు వరుసల్లో ఒకటి చెరపాలి.
రెండోదాంట్లో, కోపంలో చుక్క మరిచి,
బిర్నా బరువు ముప్ఫై నాలుగు కిలోలని రాసింది.
ఏది చెరపాలో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.
అయినా డిలీట్ మీద
నా వేలు కాసేపు ఆగింది.

ఇంకో సంగతి. తల్లి ఉండేది జనాభా డేటాబేస్‌లో,
బిడ్డ ఆస్పత్రి డేటాబేస్‌లో.
రెండిళ్ళ మధ్య ముడి వేయనివ్వదు రౌటర్.
తల్లి నంబరు మాత్రం బిడ్డ వరుసలో ఉంటుంది,
పురిటి మంచంలో పసికాలికి కట్టే పట్టీలా.
ఆ నంబరు వెనక మనిషి ఉందో లేదో
ఏ డేటాబేసూ పూచీ పడదు.
చూసుకోవలసింది మనమే.

పొద్దున్నే ఓలవుర్‌తో చెప్పాను:
రాసిన చేతికి పది సెకన్లపాటు మూలమే చూపిద్దాం.
ఆ తర్వాత నకలు దగ్గరికి పంపిద్దాం.
"మూలం మీద భారం పడదూ?" అన్నాడు.
మన దీవుల్లో రాత్రికి ఎంతమంది పుడతారు అన్నాను.
వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.
రెండో చెయ్యి అవసరం పడలేదు.

నలభై రెండు వరుసలు నలభై తొమ్మిదయ్యాయి.

శుక్రవారం బిర్నా మళ్ళీ ఫోన్ చేసింది.
థాంక్స్ చెబుతుందనుకున్నాను.
"ఇప్పుడు వెంటనే కనిపిస్తున్నారు, సరే.
కానీ ఇవాళ పుట్టినవాడి పేరులో
అడ్డగీత ఉన్న 'ఓ' పెడితే
ప్రశ్నార్థకం వస్తోంది.
వాళ్ళ నాన్న నవ్వడం లేదు."

గాలి కొంచెం తగ్గింది.
కాఫీ మళ్ళీ పెట్టుకున్నాను.