అచ్చుతప్పు

మా ఉటెనాలో ఒకటి అంకెకి ముక్కు పొడుగు.
ఎవరు రాసినా కింద మొదలుపెట్టి
వాలుగా పైకెక్కి, అక్కణ్ణుంచి నిటారుగా దిగుతారు.
దానికీ ఏడుకీ తేడా
నడుం మీద ఒక్క అడ్డగీత.
ఆ కాగితం మీద గీత ఉందనుకున్నాను.
అది కాఫీ మరక.
అప్పటికి నాకు కొన్నాళ్లుగా నిద్ర సరిగా లేదు,
అది వేరే సంగతి.

పదకొండు వేల రొట్టె సంచులు.
జిడ్రూనాస్ బేకరీ నల్లరొట్టె, తొమ్మిది వందల గ్రాములు,
రై పిండి, ఉప్పు, షాజీరా.
వాటి కింద, అతను గొణుక్కుంటూ ఒప్పుకున్న ఒక మాట:
"మనసు బరువుగా ఉందా? ఏ వేళైనా ఫోన్ చేయండి. వింటాం."
ఆ కింద నంబరు.

"ఇది చదివితే కొనేవాడి ఆకలి పోదూ?" అన్నాడు జిడ్రూనాస్.
హెల్ప్‌లైన్ నుంచి కాగితం తెచ్చిన వైదిలే
చేతితొడుగులు కూడా విప్పకుండా చెప్పింది:
"ఆకలి ఎప్పుడో పోయినవాళ్ల ఇంట్లోనూ
బల్ల మీద రొట్టె సంచి ఉంటుందండీ."

అచ్చువేసింది నేను.
చివర ఏడు పడింది.

ఆ నంబరు గెనోవైటే గారిది.
స్టేషన్ వెనక, మూడో అంతస్తు.
అల్లిక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు
మేజోళ్ల మడమలు కుట్టి రిటైరయిన మనిషి.
ఆ ఫోన్ మోగితే చెల్లెలైనా అయ్యుండాలి,
కరెంటాఫీసైనా అయ్యుండాలి.

డిసెంబరు. మూడున్నరకే చీకటి.
"రొట్టె సంచి మీద చూసి చేస్తున్నా,"
అని ఆగిపోయిందొక మగగొంతు.
"ఏం, రొట్టె బాలేదా?"
అవతల చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత నవ్వులాంటిదేదో.
"రొట్టె బాగుందమ్మా. నేనే బాలేను."

రాంగ్ నంబరని ఆమె పెట్టేయలేదు.
ఎందుకని అడిగితే నాకే చీవాట్లు:
"మడమ దగ్గర కుట్టు జారితే
ఇది ఏ షిఫ్టువాళ్లదని అడుగుతామా?
ముందు వేలితో అదిమిపడతాం."

క్షమాపణలతో వెళ్లాను, ఒక కేకు పట్టుకుని.
కేకు పక్కన పెట్టి పెన్సిలిచ్చింది.
ఫోన్ పక్కన గోడ మీద అసలు నంబరు రాయించింది,
"ముక్కు తగ్గించి రాయి."
నాలుగు వేల సంచులే వెనక్కి వచ్చాయి.
మిగతావి ఊళ్లో తిరుగుతున్నాయి,
గుండీలు దాచుకుని, చేప ముక్కలు చుట్టుకుని.
నంబరు మార్పిస్తామని వైదిలే అంటే
ఆఖరి సంచి చిరిగేదాకా వద్దంది.

"నేను ఆ మనిషిని కాదు బాబూ.
వాళ్ల నంబరు నా దగ్గరుంది. పెన్సిలుందా?
వెతుక్కో. నేనెక్కడికీ పోను."
సొరుగులు లాగుతున్న చప్పుడు వింటూ కూచునేది.
పెన్సిలు వెతికే మనిషి
ఆ కాసేపు ఇంకేదీ వెతకడంటుంది.
"చివర ఏడు కాదు, ఒకటి. మళ్లీ చదువు."
కొందరికి అక్కడే గొంతు పూడుకుపోయేది.
"ఏడు," అనేది అప్పుడు.
ఈసారి అది అంకె కాదు.
"ఏడు నాయనా. నంబరు ఎక్కడికీ పోదు."

కొందరు రాసుకున్నారు. కొందరు
రాసుకోకుండానే పెట్టేశారు.
వాళ్ల గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు.
వారానికోసారి తనే ఆ నంబరుకి చేస్తుందట,
మోసినదాన్ని దించుకోడానికి.

మార్చిలో కొత్త సంచులు.
ఈసారి ప్రూఫు చూసి వదల్లేదు,
నంబరు నొక్కే చూశాను.
రెండు రింగులు.
"చెప్పండి, వింటున్నాను," అందొక కుర్రగొంతు.
"ప్రింటర్ని. అంకెలు సరిగ్గా పడ్డాయో లేదోనని."
"సరిగ్గానే పడ్డాయండీ."
ఆ అమ్మాయి పెట్టేయలేదు.
నేనూ పెట్టేయలేదు.
వెనక మెషీను మోత. చెయ్యి చాచి ఆపాను.

"ఆగస్టు నుంచీ," అన్నాను,
"నాకు నిద్ర లేదు."