నాలుగో ప్రూఫు

పర్లాకిమిడిలో అప్పటికి
తెలుగు అచ్చున్న ప్రెస్సు మాదొక్కటే.
శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, రైసుమిల్లు రసీదులు.
ఓ సోమవారం సైకిలు స్టాండు వేసి, గొడుగు మడిచి
స్క్వాడ్రన్ లీడర్ డబ్బీరు నీలాద్రి గారు
అందులోకి విమానాన్ని పట్టుకొచ్చారు.
నూటనలభై అరఠావులు, ఆకుపచ్చ సిరా.

మహేంద్రగిరి మీద మబ్బు చూసి మేం వానంటాం.
ఆయన ఎత్తు చెప్పేవారు, అడుగుల్లో.

రెక్క ఎందుకు లేస్తుందో నాకెక్కలేదు.
కొమ్ముపనివాళ్ల దగ్గర కొన్న దువ్వెన
జేబులోంచి తీసి, దాని వీపు నిమిరి
"ఈ ఒంపేరా" అన్నారు.
స్టాల్ అంటే తెలుగులో ఏమనాలి?
రెక్క అలిసిపోడం అన్నాన్నేను.
"రెక్క అలవదు. గాలే చెయ్యి వదిలేస్తుంది."
అని, తన మాట తనే విన్నట్టు
అదే రాసుకున్నారు.

ఏడో అధ్యాయం. డెబ్భై ఒకటి, డిసెంబరు.
తూర్పున ఏదో ఏటి మీద, బాగా కిందికి దిగి.
'లక్ష్యం ధ్వంసమైంది' అని కూర్చాను.
మాకున్న 'క్ష'లు మూడే, అందులో ఒకటి విరిగింది.

మొదటి ప్రూఫులో 'లక్ష్యం' కొట్టేసి 'పడవ' అన్నారు.
రెండో దాంట్లో, అంచున, సన్నగా: గడ్డి పడవ.
మూడోది నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచుకున్నారు.
తిరిగొచ్చేసరికి
'గెడ వేస్తున్నవాడు తలగుడ్డ తీసి
పైకి చూశాడు' అని ఉంది.

కూర్చాను.
సీసం అక్షరాలు అద్దంలో మొహంలా ఉంటాయి,
కొత్తవాళ్లకి అందవు.
ఆయన బల్లకి అటుపక్క నిలబడి
కుడినుంచి ఎడమకి, ఒక్క చూపులో చదివేశారు.
బుల్లిరైలు గుణుపురం వేపు కూతేసుకుంటూ పోయింది.
అది పోయేదాకా ఆగి
"అంత వేగంలో గుడ్డ కనపడదురా" అన్నారు.
"తీసెయ్."

నాలుగో ప్రూఫు: లక్ష్యం ధ్వంసమైంది.
కింద సంతకం, తేదీ.

మూడొందల కాపీలు కొట్టాం.
తర్వాత గ్లైడర్ల మీద రాశారు, హెలికాప్టర్ల మీద,
కొంగలు వలసపోయే ఎత్తుల మీద.
ఒక్కదాంట్లోనూ ఏరు లేదు.

పనయ్యాక అక్షరాలు విప్పి అరల్లో వేసేయాలి.
ఆ రెండు వరుసలూ దారంతో కట్టి
కిటికీ గూట్లో పెట్టాను.
మాఘమాసం ముహూర్తాలకి 'డ'లు చాలక
వడ్డాది వారి శుభలేఖ ఆగిపోయింది.
ఓనరు కేకలేస్తున్నాడు.
విప్పలేదు.