సింగిల్ ఫేజ్

నల్లగొండ రామగిరి సందుల
నా స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం.
పెండ్లి సంచులు, పార్టీ టోపీలు, బడిపిల్లల టీషర్ట్లు,
ఎవలేదంటే అదేస్త, పైసలు ముందు.
ఒక్కపారే ఉద్దెరకిచ్చిన:
నలభై టీషర్ట్లు, నల్లటివి,
రొమ్ము మీద పసుప్పచ్చ కరెంటు స్తంభం,
కింద వంకరటింకర అక్షరాల
సింగిల్ ఫేజ్.

ఆ పేరెందుకంటే
పానగల్లు తొవ్వల వడ్లమిల్లు మీది రేకుల గదిల
రాత్రి వాళ్ళు వాయించేటియాళ్ళకు
వచ్చే కరెంటు అదొక్కటే.
ఆంప్లిఫయరు పెడితే బుగ్గ మినుకుమినుకుమనేది,
బుగ్గ పెడితే పారిజాత గొంతు గరగరలాడేది,
బుగ్గే ఆర్పేటోళ్ళు.
జానీపాషా గిటారుకు అయిదే తీగలు,
ఆరోదాని పైసలు ఎప్పుడూ బిర్యానికే.
ఎల్లేశు డ్రమ్ములంటే
నా దుకాణపు ఖాళీ రంగుడబ్బా, వాళ్ళ పెదనాయన డప్పు.
పగటీలి మిల్లు చప్పుడును ఫోన్ల పట్టుకొచ్చి
పాట కింద పరిచేటోళ్ళు, తట్టు పరిచినట్టు.

ఆరేండ్లు నేనూ లింగస్వామీ
దేవరకొండ రోడ్డు మీద బండేసుకొని
అవే విన్నం.
ఒక వైరు వాని ఎడమ చెవుల, ఒక వైరు నా కుడి చెవుల.

ఇప్పుడు వచ్చినయి కొత్తయి.
డప్పు లేదు. మిల్లు లేదు.
మిషను టిక్కుటిక్కుమంటది,
కీబోర్డు మంచు లెక్క కురుస్తది,
పారిజాత పాడదు,
పక్క గదిల పిల్లగాడు లేస్తడన్నట్టు గుసగుసంటది.

కాలేజి గ్రౌండుల ప్రోగ్రాం నాడు
సగం మంది "పాతది, పాతది" అని ఒర్రుడు,
సగం మంది వాళ్ళను "ఊకోండ్రి" అని అంతకెక్కువ ఒర్రుడు.
ఎవడో నీళ్ళ ప్యాకెట్ ఇసిరితే
కీబోర్డు మీద పడి పలిగింది.
పారిజాత చున్నీతో ఒక్కొక్క మెట్టు తుడిచింది.
తుడుస్తుంటే అవి మోగినయి.
కొందరు అదే కొత్త పాటనుకొని చప్పట్లు కొట్టిండ్రు.

"త్రీ ఫేజ్ అయిండ్రు రా" అన్న నేను.
"పెరిగిండ్రు" అన్నడు లింగస్వామి,
"నువ్వే నలభై టీషర్ట్ల కాడ ఆగినవ్."
ఇంకొక మాటన్నడు.
నల్లాల కృష్ణ నీళ్ళొచ్చిన మొదటినాడు
మా నాయినమ్మ గుక్క పట్టి ఊంచింది,
ఇవేం నీళ్ళు, చప్పగున్నయని.
మోకాళ్ళు వంచిన బోరునీళ్ళే
ఆమె నాలుకకు నీళ్ళు.
అది యాదిజేసిండు, నడి రోడ్డు మీద.
మా ముసలమ్మను పాటల కలుపుతవారా అని
బండి దిగి నడుసుకుంట వచ్చిన.
నాలుగు నెలలాయె.

దుకాణానికి ఇద్దరు తీర్లోళ్ళు వస్తుండ్రు.
స్తంభం బొమ్మ కావాలనేటోళ్ళు,
కొత్తది, ఉత్త నీలిచుక్క, కావాలనేటోళ్ళు.
ఒకల మొకం ఒకలు చూడరు,
నడుమల నేను గమ్ము కలుపుకుంట.

మొన్న రాత్రి పని లేక
రెండు వైర్లూ నా చెవులల్లనే పెట్టుకున్న.
మిల్లు పాట. మొదటిది.
కుడి దిక్కు అదే డప్పు, అదే అయిదు తీగలు.
ఎడమ దిక్కు
బొమ్మల దుకాణపు కీబోర్డొకటి,
సన్నగ,
ఎవలో వాడకవతల వాయిస్తున్నట్టు,
మొదటికెల్లి ఆఖరుదాంక.

ఆరేండ్లు వాడిది విన్నడు.
ఒకే బండి మీద.

ఫోను తీసిన. పన్నెండున్నర.
ఏమనాలె?
పెట్టేసి దండెం దిక్కు చూసిన.
ఆరని నీలిచుక్కలల్ల ఒకటి ఎక్సెల్ సైజు,
వాళ్ళ తమ్మునితోటి చెప్పి పంపిండు లింగస్వామి,
పైసలు తర్వాతిస్తనని.
ఖాతాల రాయలే.