తరుగు

కాశిమేడు అలకట్ట చివర
నాలుక్కాళ్ల కాంక్రీటు దిమ్మ మీద
ఐదుంపావుకల్లా కూర్చుంటాను.
వారమంతా హార్బరు గేటులో కంటైనర్లు లెక్కపెట్టే కళ్లు ఇవి,
ఆదివారం జీతం లేకుండా పనిచేస్తాయి.

ఇంకో మూడు రోజుల్లో వేట బందు.
మరపడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒడ్డుకొస్తుంటే
పక్షులు బయల్దేరుతున్నాయి.

చలికాలమంతా తెల్లతలలతో తిరిగిన సముద్రకాకులు
రెండో పెళ్లికి ముందురోజు మా చిన్న మావయ్యలా
ఒక్కసారిగా తలకి రంగేసుకున్నాయి.
చిక్కటి డికాషన్ రంగు.
కంటిచుట్టూ మాత్రం తెలుపు మిగిలిపోయింది,
అద్దం సరిగా చూసుకోనట్టు.

వాటి వెనకే కత్తెర తోకలతో సన్నటి గుంపొకటి.
"ఆలా" అంది అందోణియమ్మ గంప దించుతూ.
సూళ్లూరుపేటలో మా అమ్మమ్మ రామదాసు అనేది.
రెండు పేర్లకీ పలక్కుండా
ఎన్నూరు పొగగొట్టాల వైపు వెళ్లిపోయాయి.

నలభై. నలభై మూడు.
అల లేచింది.
దాని చాటుకెళ్లినవెన్ని, తేలినవెన్ని?
పడవ కొమ్ము మీంచి లేచినవి కొత్తవా, ఇందాకటివేనా?
కంటైనరుకైతే నంబరుంటుంది, సీలుంటుంది,
తేడా వస్తే తరుగు అని రాసి
డ్రైవరు చేత సంతకం పెట్టిస్తాను.
ఇక్కడ ఎవరి చేత పెట్టించను?

"వాటికేమన్నా బాకీ ఉన్నావా తల్లీ?"
తన అరవం కలిసిన తెలుగులో అందోణియమ్మ.
ఆమె లెక్కపెట్టేది ఒక్కదాన్నే:
వలదారం కోసేసిన కాలితో
మూడేళ్లుగా ఆమె గంప చుట్టూ కుంటే పక్షిని.
కవలచేప తలకాయలు దానికని విడిగా తీసిపెడుతుంది.
"ఇది పోదులే. కుంటిది."
కాళ్లతో ఎగురుతాయా ఏంటి, అనబోయి ఊరుకున్నాను.
దాని తల కూడా ఈసారి నిండా రంగు తిరిగింది.

ఏడు దాటాక దక్షిణపు గాలి పడింది.
ఐస్ లారీ ఏదో హారన్ కొట్టింది,
కట్ట మీదున్నవన్నీ ఒకేసారి లేచాయి.
ఎర్రదీపం స్తంభం చుట్టూ ఒక చుట్టు,
ఇంకో చుట్టు,
ఆ తర్వాత ఆకాశంలో అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.
కాళ్లు కడుపులోకి ముడుచుకున్నాక
కుంటిదేదో ఎవరు చెప్పగలరు?

అందోణియమ్మ చేపతల పట్టుకుని
చెయ్యి చాపే ఉంచింది చాలాసేపు.
"టీకి పోయిందేమో" అంది.
నేను నవ్వలేదు, ఆమె కూడా.
తలకాయ పిల్లికి పడేసి
ఖాళీ గంప బోర్లించి దాని మీదే కూర్చుంది,
రెండు నెలలు కూర్చోవాల్సినట్టు.

నోటుబుక్కులో నూట పదకొండు అని రాశాను.
చివరి ఒకటి కొట్టేసి
సున్నా పెట్టాను.
బస్సులో, తండయారుపేట దాటాక,
మళ్లీ దిద్దాను.