తొమ్మిది కాలర్లు

పీణ్యాలో మా లైన్లో
ఒక కాలరుకు నలభై సెకన్లు.
గోడ గడియారం మాకు అక్కర్లేదు,
ఎంత పొద్దయిందో చేతులకే తెలుస్తాది.

ఓబులేశు పుట్టినప్పుడు ఏడవలేదు.
నర్సు వాడి అరికాళ్ళు తడతా ఉంది,
"అళు కందా, అళు" అంటా ఉంది.
ఏడవమని బతిమాలేది కూడా ఉంటాదని
నాకప్పుడే తెలిసింది.
పండుకొన్నచోటే నా చేతులు
లేని మిషను మీద గుడ్డ తోసినాయి.
ఒకటి. రెండు. మూడు.
తొమ్మిదో కాలరు మడిచేటప్పుడు
పిల్లికూన మాదిరి ఒక సన్న గొంతు.

ఆరు నెలలకు మెడ నిలబడలేదు.
బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూసేవాడు,
బస్సు చార్జీ దాచుకొన్నట్టు.
ఎత్తుకొంటే కాళ్ళు కత్తెర పడేవి.
"మగపిల్లోళ్ళు ఆలస్యమేలే" అనింది మా అత్త.
గ్రహణం నాడు ఏమన్నా కోసినావా అనింది పక్కింటామె.
కోసినాను.
నాలుగువందల చొక్కాలకు వేలాడే దారాలు కోసినాను.
చొక్కాలకు ఏ లోపమూ రాలేదు,
ఓడెక్కి పోయినాయి.

డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు పెట్టింది.
"ఇదిగో, ఇక్కడ దెబ్బ.
కండలు మంచివే, కాళ్ళూ మంచివే.
పైనుంచి పోవాల్సిన మాటే తప్పుగా పోతా ఉంది.
సెరిబ్రల్ పాల్సీ అంటారు.
ఈ దెబ్బ పెరగదు. పిల్లోడు పెరుగుతాడు."

కాన్పులో అయిందా, అని అడిగినాను.
ఆమె కళ్ళద్దాలు తుడుచుకొనింది.
"శానామందికి కడుపులోనే అయిపోయింటాది,
ఎవరికీ తెలీకుండా.
కొందరికి పుట్టినాక, కామెర్లు ముదిరి.
కొందరికి కాన్పులో, గాలందక.
మీవాడిది అదే కావచ్చు. కాకపోవచ్చు కూడా.
ఫైలుంటే తెండి."

నాలుగు ఆదివారాలు తిరిగి తెచ్చుకొన్నాను.
బిడ్డ ఏడ్చిన సమయం, అనే గడిలో
ఒకటి అని ఉంది.
ఒక్క నిమిషమంట.
నాకు ఇంగ్లీషు రాదు.
ఊడదీసి మళ్ళా కుట్టిన చోటు మాత్రం
ఏ వెలుతుర్లో అయినా పట్టేస్తాను,
పాత సూది బెజ్జాలు యాడికీ పోవు.
కాగితం తిప్పి వెనకపక్క తడిమినాను.
ఒకటి కింద ఇంకో అంకె
గుంతపడి ఉంది.

వకీలు జిరాక్సు తీసుకొన్నాడు. చూస్తామన్నాడు.
ఆ నర్సు తుమకూరు పక్కకు పోయిందంట, పెళ్ళయి.
ఆమె మీద నాకు కోపం రాదు.
ఆ ఆరు నిమిషాలూ
ఉన్నవి ఉన్నట్టు తెలిసింది
మా ఇద్దరికే.

కటింగు సెక్షన్లో మిగిలిన పీలికలు కుక్కి
వాడి కుర్చీకి దిండు కుట్టినాను.
షిఫ్టుకు ముందు మడమ నరం సాగదీస్తాను,
ముప్పై దాకా లెక్కబెట్టి, వదిలి, మళ్ళా.
వాడు తిడతాడు.
మాటలు రావుగానీ
అది తిట్టేదే, నాకు తెలుసు.

కుక్కరు విజిలంటే వాడికి పడదు.
ఒళ్ళంతా ఎగిరిపడి
చేతులు రెండూ గాల్లోకి పోతాయి.
అందుకే ముందే చెప్తాను,
"వస్తాంది... వస్తాంది..."

నిన్న మర్చిపోయినాను.
ఫైలు తెరుచుకొని కూచోనున్నాను,
ఆ గడి మీద వేలు పెట్టుకొని.
విజిలు కొట్టింది.
నేనే అదిరిపడినాను, కాగితాలు నేల మీద పడినాయి.
వాడూ ఎగిరినాడు.
చేతులు దిగినాక
మెడ నాపక్కకు తిప్పడం మొదలుపెట్టినాడు.
అది శానా దూరం వాడికి.
తిప్పి, నన్ను చూసి,
"వస్" అన్నాడు.

రెండో విజిలు
అప్పటికింకా రాలేదు.