ఈతగెల

ఐలమల్లు వీపు మీద
బస్తా ఆనే జాగలనే లేచింది గడ్డ.
"మిర్చి ఘాటు వట్టింది మేడం" అన్నడు.
ఏనుమాముల యార్డుల ఇరవై రెండేండ్ల హమాలి.
పసుపు, వేపాకు నూరి కట్టిందట వాళ్లవ్వ.
కట్టు విప్పితే
ఒక్క గడ్డకు నాలుగు నోళ్లు.
రాచపుండు అంటరు మా దిక్కు,
ఏ రాజు ఇచ్చిపోయిన ఇనామో!

దూదిపుల్ల కొసకు ఇంత చీము.
గాజుపలక మీద పలచగ పూసి
మంట మీద మూడుసార్లు ఆడించి
ఊదారంగు, అయొడిన్, స్పిరిట్.
కడిగితే కొన్ని రంగు ఇడుస్తయి.
ఇవి ఇడువలే.

లెన్సు కింద కనబడేది
ద్రాక్షగుత్తి అంటది పుస్తకం.
ద్రాక్షతోట నేను చూసిందే లేదు.
నాకు కనబడ్డది
రాయపర్తి తొవ్వల ఈతచెట్టు,
ఎండకు మాగి నల్లబడ్డ గెల,
తమ్ముడు రాయి ఇసిరితే
జలజల రాలి చెదిరిన పండ్లు.

రాత్రంతా వెచ్చటి పెట్టెల
నెత్తురు కలిపిన పళ్లెం.
పొద్దుగాల మూత తీస్తే
పుస్తెలతాటి గుండ్ల తీరు
బంగారు చుక్కలు.
ఒక్కొక్కదాని చుట్టూ
తిన్నంత మేర నెత్తురు తెల్లారింది.

నెత్తురంటకుండ ఒక చుక్కనెత్తి
పెరాక్సైడ్‌ల ముంచిన. బుస్సున నురుగు.
అదే గొలుసు పురుగైతే ఉలకకపోవు.
ప్లాస్మా గొట్టంల ఇంకింత కలిపిన.
నాలుగు గంటలకు వంచి చూస్తే
పారలే,
తోడుకున్న పెరుగోలె నిలబడ్డది.
పేరు తేలింది: స్టెఫైలోకాకస్ ఆరియస్.

పేరు తేలితే అయిపోతదా?
సెఫాక్సిటిన్ బిళ్ల అంచుదాక వచ్చి
అంగడిల జాగ పట్టినట్టు కూసున్నయి.
లినెజోలిడ్ చుట్టు మాత్రం
పున్నమి చంద్రుడంత ఖాళీ.
అంతవరకు నయం.

పక్కన ఇంకో పళ్లెం ఉన్నది, నలభై ఒకటో నంబరు.
నెలనెలా స్టాఫ్ అందరికీ చేసే పరీక్ష.
నా ముక్కుల నుంచి తీసిన పుల్ల.
దాంట్ల గూడ
అదే బంగారం.
నాకు జ్వరం లేదు, గడ్డ లేదు.
ఎన్నేండ్ల సంది ఉంటున్నయో
కిరాయి లేకుండ, సప్పుడు లేకుండ.
ఆయన వీపుల దిగింది ఏ ముక్కుల నుంచో
ఏ చేతుల నుంచో
ఏ పరీక్ష చెప్పాలె?

వార్డుకు ఫోన్ చేసి, రిపోర్ట్ పట్టుకొని పోయిన.
బోర్ల పండుకొనే ఉన్నడు.
"ఏం పురుగు మేడం?"
మాస్కు ఎగేసుకొని రెండడుగులు ఎడంగ నిలబడ్డ.
"ఈతపండ్ల గెల లెక్క ఉంటది."
"అట్లనా" అని దిండుల మొకం పెట్టి నవ్విండు.
"మరి ఎండకాలం దాక ఆగకపాయె."

పోంగ మోచేతుల దాక కడుక్కున్న.
సబ్బు నురుగు కూడా
బుస్సుమన్నట్టే అనిపిచ్చింది.