ఎవరూ లేచి రాని గది

త్బిలిసిలో మా ఎడిటింగ్ గది మూడో అంతస్తు.
నలుగురం. పదకొండు హార్డ్ డిస్కులు,
తెల్ల టేపు మీద నెస్తాన్ రాత:
"ద్రాక్ష కోత, రెండో రోజు", "ముట్టొద్దు",
"ఇదే అసలుది", "కాదు, ఇది".

ఒకటి కింద పడ్డ సాయంత్రం
వాఖో టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాడు.
లామారా అవ్వ చెప్పిన నలభై నిమిషాలు
టక్, టక్, టక్. అంతే.

మర్నాటి నుంచి బేరాలు.
వేగం ముఖ్యమన్నాడు ఇరాక్లి.
ఫ్యాన్ మోత వద్దంది నెస్తాన్, సౌండ్ చూసేది తనే కదా.
నేనడిగింది ఒక్కటే:
ఎనిమిదింట్లో రెండు చచ్చిపోతే
మిగతా ఆరూ వాటి మాట చెప్పగలవా?
చెప్పగలవన్నాడు అమ్మేవాడు.
వేగం కొంత వదులుకుని అదే కొన్నాం.

ఇప్పుడు బీరువా పక్కన నీలం దీపాలు.
ఏ కుర్చీలో కూర్చున్నా తోటంతా తెరుచుకుంటుంది.
బాగుంది. నిజంగానే బాగుంది.

డిస్కు ఇవ్వడానికొచ్చి
నా బల్ల అంచున కూర్చుని
"ఆ చేతుల్ని ఇంకో క్షణం ఉండనీ" అనే వాఖో
అదే మాట టైపు చేసి పంపుతున్నాడు,
ఐదడుగుల దూరం నుంచి.

నిన్న మధ్యాహ్నం నా కేబుల్ ఊడింది.
నేనే పీకాను.
ఏమైందంటూ
టీ గ్లాసుతో లేచి వచ్చాడు.